ఒక్క ఎంబీపీఎస్‌లో ఇంటిల్లిపాదీ

ఈ వారం మిర్చి రేటు గురించి, నల్ల తామర పురుగు గురించి ఏమీ రాయడం లేదు. ఇంట్లో నెట్ గురించి రాస్తున్నా. రైతుకి ఈ గోలెందుకు అనుకోకండి. రాత్రి ఎనిమిదయ్యేసరికి మీ ఇంట్లో ఒకడు "ల్యాగ్, ల్యాగ్" అని ఫోన్ మంచమ్మీద విసురుతున్నాడా? పక్క గదిలో ఇంకొకరు "హలో, వినపడుతోందా" అని పదిసార్లు అంటున్నారా? అయితే ఓపిక చేసుకుని చదవండి. పోస్టు కొంచెం పొడుగే.

మా ఊరు సాగర్ కుడి కాలువ కింద, చివరి భూముల వైపు. నీళ్ళూ మాకు చివరికే, నెట్టూ చివరికే. ఫైబర్ మా వీధి దాకా రాలేదు. కేబుల్ ఆయన డాబా మీద చిన్న డిష్షు లాంటిది బిగించి, పక్క ఊరి టవర్ నుంచి గాలిలో నెట్ ఇస్తాడు. పేరుకి 10 ఎంబీపీఎస్. కొలిస్తే కిందికి దిగేది 6, ఇంట్లోంచి పైకి పోయేది 1. ఈ పైకి పోయే ఒకటిని గుర్తు పెట్టుకోండి. కథంతా దాని దగ్గరే ఉంది.

ఇక వాడేవాళ్ళు. మా పెద్దమ్మాయి తొమ్మిది నెలల పిల్లాణ్ణి పెట్టుకుని మా దగ్గరే ఉండి ఇంటి నుంచి ఉద్యోగం చేస్తోంది. అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసే కంపెనీ. వాళ్ళకి తెల్లారితే మనకి చీకటి పడుతుంది కాబట్టి అమ్మాయి డ్యూటీ సాయంత్రం ఆరున్నరకి మొదలు. మా చిన్నోడు డిప్లొమా అయి, పగలు నాతో పాటు పొలం చూసుకుని, రాత్రి ఎనిమిదికి గేమ్‌లో కూర్చుంటాడు. బీజీఎంఐ. ఈ ఆట కథ కూడా మన కాలువ నీళ్ళ కథే. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ ఆపేశారు, 2021లో ఈ పేరుతో వదిలారు, 2022 జూలైలో ప్లే స్టోర్ నుంచి పోయింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఎప్పుడు వదులుతారో ఎప్పుడు కడతారో తెలియకపోయినా ఆయకట్టు మాత్రం తగ్గలేదు. మా ఇంటావిడకి టీవీలో సీరియళ్ళు, అవి కూడా ఇప్పుడు నెట్ మీదే. కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు దొంగల భయానికి పెట్టిన కెమెరా ఒకటి. శనివారం అల్లుడు వస్తే ఆయన ఫోన్ అదనం.

ఆట అంటే పనికిమాలినది అనేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను అనను. మావాడితో చదువుకున్న నలుగురూ నాలుగు దిక్కులకి పోయారు. ఒకడు చెన్నైలో, ఒకడు హైదరాబాదులో, ఇద్దరు ఎక్కడో ఫ్యాక్టరీల్లో. మా కాలంలో రావిచెట్టు కింద అరుగు మీద కూర్చునేవాళ్ళం, వీళ్ళు అందులో కూర్చుంటున్నారు. రెండు గంటలు ఆడుకుంటే ఆడుకోనీ. కానీ ఆ రెండు గంటలే మా ఇంట్లో నిప్పు రాజేశాయి.

అమ్మాయి అంటుంది, తమ్ముడి గేమ్ వల్ల నా కాల్ తెగిపోతోందని. వాడంటాడు, అక్క ఫైళ్ళు పంపినప్పుడల్లా నేను చచ్చిపోతున్నా అని. గేమ్‌లో లెండి. ఇలా నెల నడిచింది. ఒకరోజు అమ్మాయి పైఆఫీసరు చెప్పేశాడట, కాల్ ఇంకోసారి ఇలాగే తెగితే ఇంటి నుంచి పని కుదరదు, హైదరాబాదు ఆఫీసుకి వచ్చి చెయ్యాలి అని. తొమ్మిది నెలల పిల్లాడితో రాత్రి డ్యూటీకి హైదరాబాదులో ఎవరున్నారు? ఉద్యోగం మానెయ్యడమే. ఆ రాత్రి అక్కాతమ్ముళ్ళిద్దరూ అన్నాలు వేరే వేరేగా తిన్నారు. మా ఇంట్లో ఎప్పుడూ అలా జరగలేదు.

మా ఇంటావిడ వారబందీ పెట్టింది. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర అమ్మాయిది, తర్వాత గంటన్నర అబ్బాయిది, అప్పుడు అమ్మాయి కాల్స్ లేని పని చూసుకోవాలి. సాగర్ నీళ్ళకి మనం చేసేది అదే కదా, ఈ వారం ఈ మేజరుకి, వచ్చే వారం ఆ మేజరుకి. విచిత్రం ఏమిటంటే చిన్నోడు ఫోన్ ముట్టుకోని మూడు గంటల్లో కూడా అమ్మాయి కాల్ తెగింది. అప్పుడు తెలిసింది మడవ ఇంకెక్కడో తెగిందని.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. బెంగుళూరులో నెట్‌వర్క్ పనే చేస్తాడు. విని నవ్వి, "మావయ్యా, ముందు కొలుద్దాం, తర్వాత తిట్టుకోండి" అన్నాడు. అన్ని ఫోన్లలో వైఫై ఆపించాడు, టీవీ, కెమెరా కూడా. చిన్నోడి ఫోన్ ఒక్కదానిలో గేమ్ తెరిపించాడు. తెర మీద పచ్చగా 45 అని కనపడింది. దాన్ని పింగ్ అంటారు. వీడు మీట నొక్కిన కబురు ఆట నడిపే సర్వర్‌కి వెళ్ళి తిరిగి రావడానికి 45 మిల్లీసెకండ్లు పట్టిందని అర్థం. సెకండులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకండు. తర్వాత అమ్మాయిని ల్యాప్‌టాప్‌లోంచి ఒక పెద్ద ఫైలు పైకి పంపమన్నాడు. పది లెక్కపెట్టే లోపు 45 కాస్తా 300, 900, 1,800 అయి ఎర్రబడింది. ఫైలు ఆపించాడు. రెండు మూడు సెకండ్లలో మళ్ళీ 45. ఆ తర్వాత తిరగేసి చూపించాడు. ఫైలు లేకుండా చిన్నోణ్ణి గేమ్ ఆడమని, అమ్మాయిని కాల్ మాట్లాడమన్నాడు. రెండూ నిక్షేపంగా నడిచాయి.

అంటే గేమ్ కాల్‌ని పాడు చెయ్యడం లేదు, కాల్ గేమ్‌ని పాడు చెయ్యడం లేదు. రెండిటినీ మూడోదేదో పాడు చేస్తోంది.

ఇక్కడ నాకు అర్థమైన పద్ధతిలో చెప్తా. గుంటూరు మిర్చి యార్డు సీజన్లో చూసినవాళ్ళకి వెంటనే ఎక్కుతుంది. గేటు ముందు టిక్కీలు నింపుకున్న లారీలు బారులు తీరి ఉంటాయి. ఆ లారీల వెనక సైకిల్ మీద ఒకాయన గుప్పెడు కాయలు మచ్చు పట్టుకుని నిలబడ్డాడనుకోండి. ఆయన లోపలికి పోవడానికి అర నిమిషం చాలు. కానీ ముందున్న లారీలన్నీ కదిలేదాకా ఆయనా కదలడు. గేటు చిన్నదని కాదు ఆయనకి ఆలస్యం. ఆయన్ని లారీల వెనక నిలబెట్టినందుకు ఆలస్యం.

గేమ్ ఆ సైకిల్ ఆయన. సెకండుకి కొన్ని పదుల చిన్న చిన్న పొట్లాలు అటూ ఇటూ పంపుకుంటుంది, అంతే. గంట ఆడితే హెచ్‌డీ సినిమా పది నిమిషాలు చూసినంత డేటా కూడా ఖర్చవదు. మాట్లాడే కాల్ కూడా అంతే, ఒక ఎంబీపీఎస్‌లో పదో వంతు చాలు దానికి. వీటికి కావాల్సింది ఎక్కువ నీళ్ళు కాదు, ఆగకుండా సన్నటి ధార. లారీలు ఏవంటే ఫోటోల బ్యాకప్, వీడియో పంపడం, కెమెరా రికార్డింగు, పెద్ద ఫైళ్ళు.

మా ఇంట్లో లారీలు ఎక్కడివో పట్టుకున్నాం. ఒకటి కల్లంలో కెమెరా. అది రాత్రంతా వీడియోని కంపెనీ వాళ్ళ సర్వర్‌కి పంపుతూనే ఉంటుంది. రెండోది అల్లుడు ఫోన్. ఇంటి వైఫై తగలగానే వారం రోజుల ఫోటోలూ వీడియోలూ గూగుల్ ఫోటోస్‌కి ఎక్కడం మొదలవుతుంది. ఆయనకి ఆ సంగతే తెలియదు, జేబులో పెట్టుకుని పడుకుంటాడు. మామూలు లెక్క వెయ్యండి. ఒక ఎంబీపీఎస్ అంటే సెకండుకి 125 కేబీ. నాలుగు ఎంబీ ఫోటో ఒకటి పోవడానికి 32 సెకండ్లు. రెండు వందల ఫోటోలంటే గంటా నలభై ఆరు నిమిషాలు. ఆ గంటా నలభై ఆరు నిమిషాలూ గేటు ముందు లారీలే.

ఇంకో సంగతి ఉంది, నాకు బాగా ఆశ్చర్యం వేసింది. రౌటర్లో, దాని తర్వాత ఉన్న పెట్టెల్లో పొట్లాలు నిలబడ్డానికి జాగా ఉంటుంది. దాన్ని బఫర్ అంటారు. మెమరీ చిప్పుల ధర పడిపోయాక తయారీదార్లు ఆ జాగా పెంచుకుంటూ పోయారు. జాగా ఎక్కువుంటే మంచిదేగా అనుకుంటాం. కాదు. 250 కేబీ జాగా ఉంటే, సెకండుకి 125 కేబీ పోయే మన లైనుకి అది రెండు సెకండ్ల క్యూ. మీట నొక్కిన రెండు సెకండ్లకి గేమ్‌లో తుపాకి పేలితే ఎవడు బతుకుతాడు?

జాగా లేకపోతే పొట్లం పడిపోతుంది, అది నష్టం కాదా అని నేనూ అడిగాను. పడిపోవడమే కబురు అన్నాడు మేనల్లుడు. పంపేవాడికి "ఇక్కడ ఇరుకుగా ఉంది, నెమ్మదించు" అని తెలియాలంటే ఒక పొట్లం పోవాలి. 1986లో అమెరికాలో బర్కిలీ దగ్గర రెండు చోట్ల మధ్య, కూతవేటు దూరంలో, లైను సెకండుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయిందట. అందరూ ఆగకుండా తోస్తే జరిగింది అది. వాన్ జాకబ్సన్ అనే ఆయన అది చూసి, పొట్లం పోతే నెమ్మదించే పద్ధతిని 1988లో రాశాడు. ఈ రోజుకీ నెట్ ఆ పద్ధతి మీదే నిలబడి ఉంది. మరి బఫర్ పెద్దదైపోతే పొట్లం పడదు, కబురు పోదు, పంపేవాడు లారీలు పంపుతూనే ఉంటాడు. 2010లో జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో నెట్ ఎందుకు ఈడుస్తోందని వెతుకుతూ పోయి ఇది కనిపెట్టాడు. దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే బఫర్‌కి కడుపుబ్బరం.

మందు కూడా వాళ్ళే కనిపెట్టారు. 2012లో కాథ్లీన్ నికోల్స్, అదే వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. క్యూలో పొట్లాలు ఎన్ని ఉన్నాయని చూడదు, ఒక్కోటి ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 5 మిల్లీసెకండ్లు దాటి నిలబడ్డం అలవాటైపోతే ఒకటి రెండు పడేసి కబురు పంపుతుంది. దానికి ఇంకోటి కలిపి ఎఫ్‌క్యూ కోడెల్ అన్నారు. అది లారీలకి ఒక వరస, సైకిళ్ళకి ఒక వరస పెట్టి, సన్నటి ధారలని ముందు పోనిస్తుంది. ఎవరు గేమ్, ఎవరు కాల్ అని మనం చెప్పక్కర్లేదు, గుప్పెడు పట్టుకుని వచ్చినవాడు వాడంతట వాడే ముందుకి పోతాడు. తర్వాత కేక్ అని ఇంకా మెరుగైనది వచ్చింది, 2018లో లినక్స్‌లో చేరింది. ఇవన్నీ ఉచితం. ఈ పని కోసం ఏళ్ళ తరబడి తిరిగిన డేవ్ టాట్ అనే ఆయన 2025 ఏప్రిల్‌లో పోయాడు. మా అమ్మాయి కాల్ తెగకుండా ఉండడంలో ఆ మనిషి చెయ్యి ఉందని ఆయనకి తెలిసే దారి లేదు.

సరే, మేం చేసింది చెప్తా. డబ్బు ఖర్చు లేనివి ముందు చేశాం.

అల్లుడు ఫోన్లో, మా అందరి ఫోన్లలో ఫోటోల బ్యాకప్‌ని ఆటోమేటిక్ తీసేశాం. పొద్దున టిఫిన్లప్పుడు ఎవరికి వారు చేసుకుంటారు. కెమెరాకి లోపల చిన్న మెమరీ కార్డు వేసి, కదలిక కనపడినప్పుడు మాత్రమే పైకి పంపేలా పెట్టాం. గేమ్‌కి అప్‌డేట్ వస్తే జీబీల్లో ఉంటుంది, అది తెల్లవారుజామున అమ్మాయి డ్యూటీ అయ్యాక. దీనితోనే ముప్పావు వంతు రోగం తగ్గింది. మీరు ఇంకేమీ చెయ్యకపోయినా ఇది చెయ్యండి.

వైఫై సంగతి క్లుప్తంగా. మావి నాపరాళ్ళ గోడలు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ గోడ దాటదు, 2.4 దాటుతుంది గానీ వీధిలో అందరివీ దాని మీదే కొట్టుకుంటాయి. రౌటర్ ఇనప బీరువా మీద ఉండేది, తీసి మధ్య గదిలో గూట్లో ఎత్తుగా పెట్టాం. అమ్మాయి ల్యాప్‌టాప్‌కి వైఫై మానేసి ల్యాన్ కేబుల్ లాగాం. ఆ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మనకి పదిహేను మీటర్లు చాలింది. ఇంకోటి, దూరంగా వసారాలో కూర్చుని ఒక్క గీత సిగ్నల్‌తో వీడియో చూసేవాడు తన వంతు కంటే ఎక్కువ గాలి సమయం తినేస్తాడు. వాణ్ణి లోపలికి పిలిస్తే అందరికీ బాగవుతుంది.

ఇప్పుడు అసలు మందు. మేనల్లుడు బెంగుళూరు నుంచి వాడిన రౌటర్ ఒకటి 1,200 రూపాయలకి కొని పంపాడు. అందులో కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనేది ఎక్కించాడు. అన్ని రౌటర్లకీ ఇది ఎక్కదు, కొనేముందు ఆ మోడల్ పేరు వాళ్ళ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. దాన్లో ఎస్‌క్యూఎం అనే చోట కేక్ ఎంచుకుని రెండు అంకెలు వెయ్యాలి. మాకు పైకి పోయేది 1 ఎంబీపీఎస్ కదా, 850 కేబీపీఎస్ అని వేశాడు. కిందికి 6 వస్తుంటే 5 అని వేశాడు.

నేను ఒప్పుకోలేదు మొదట. ఉన్నదే ఒకటి, అందులో కూడా కోసెయ్యడం ఏంట్రా అన్నాను. వాడు చెప్పిన మాట ఇది. "మావయ్యా, లైను నిండా పంపితే క్యూ కేబుల్ ఆయన పెట్టెలో నిలబడుతుంది. అక్కడ మన మాట ఎవరూ వినరు. ఒక్క పిసరు తక్కువ పంపితే క్యూ మన రౌటర్లోనే నిలబడుతుంది. మన గుమ్మంలో నిలబడితే ఎవర్ని ముందు పంపాలో మనం చెప్పొచ్చు." ఆ మాటతో నా నోరు మూతపడింది. కాలువ నిండా తూము తీస్తే కట్ట తెగుతుందని మనకెవరూ చెప్పక్కర్లేదు కదా.

వారబందీ కంటే ఇది ఎందుకు మేలో కూడా అప్పుడే తట్టింది. చేనుకి వారం ఆగి నీళ్ళు పెట్టినా తట్టుకుంటుంది, నేల పట్టి ఉంచుతుంది. కాల్‌కి, గేమ్‌కి అర సెకండు నిలవ ఉంచుకునే నేల లేదు. వాటికి వంతులు పనికిరావు. వంతులు లారీలకి పెట్టాలి, సైకిళ్ళని ఎప్పుడూ పోనివ్వాలి.

పెట్టిన రాత్రే పరీక్ష చేశాం. అమ్మాయి ఫైలు పంపుతోంది, అల్లుడు ఫోన్లో కావాలనే బ్యాకప్ పెట్టాం, టీవీలో సీరియల్, చిన్నోడు గేమ్. పింగ్ 60, 70 మధ్య ఆడింది. ఒక్కసారి 90 చూశాం. ఫైలు పోవడానికి మాత్రం కొంచెం ఎక్కువసేపు పట్టింది, అది ఎవరికీ పట్టలేదు. అమ్మాయి ఆఫీసు నుంచి ఆ తర్వాత కాల్ గురించి మాట రాలేదు. హైదరాబాదు ఊసు లేదు.

కొత్త రౌటర్ కొనలేనివాళ్ళు మీ ఇంట్లో ఉన్న రౌటర్ సెట్టింగుల్లో "బ్యాండ్‌విడ్త్ కంట్రోల్" లేదా "క్యూఓఎస్" అని ఉందేమో వెతకండి. చాలావాటిలో ఉంటుంది. లారీ లాంటి ఫోన్‌కి, కెమెరాకి అప్‌లోడ్ ఇంతకు మించొద్దని కట్టెయ్యండి. కేక్ అంత తెలివిగా చెయ్యదు గానీ బాధ తగ్గుతుంది. గేమ్ బూస్టర్ అని ఫోన్లో వచ్చే యాప్‌ల మీద డబ్బు పెట్టకండి. గేటు దగ్గర లారీలు ఉండగా సైకిల్‌కి రంగు వేసి ఏం లాభం?

దీనితో తగ్గనివి కూడా చెప్పాలి. దూరం తగ్గదు. గాజు తీగలో వెలుగు మిల్లీసెకండుకి 200 కిలోమీటర్లు పోతుంది, సర్వర్ 700 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికే ఏడు. మిగతాది మధ్యలో మలుపుల ఖర్చు. మా 45 ఎప్పటికీ 10 కాదు, ఫైబర్ వచ్చినా కాదు. కరెంటు పోతే రౌటర్ పోతుంది, దానికి చిన్న యూపీఎస్ పెట్టాం. గట్టి వానకి డాబా మీద డిష్షు తడబడుతుంది, దానికి మందు లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ రెండు అంకెలూ ఒకసారి వేసి వదిలేసేవి కావు. ఆదివారం రాత్రి తొమ్మిదికి ఊళ్ళో అందరూ నెట్ మీద ఉన్నప్పుడు లైను 1 నుంచి 0.7 కి పడిపోతే, 850 అని వేసుకున్నది దండగ, క్యూ మళ్ళీ కేబుల్ ఆయన పెట్టెలోకి పోతుంది. అందుకని మావాడు పదిహేను రోజులకోసారి రాత్రి తొమ్మిదికి ఎస్‌క్యూఎం ఆపి, లైను కొలిచి, వచ్చినదాంట్లో వందకి 85 లెక్కన మళ్ళీ వేస్తాడు. కొలిచే ఆ రెండు నిమిషాలు మాత్రం ముందుగా వాళ్ళక్కకి చెప్పి, ఆమె సరే అన్నాకే మొదలుపెడతాడు.